బొజ్జన్నకొండ రాక్షసుడు: భయానక కథకు స్థలమే రంగమైన విధము

అనకాపల్లి పట్టణమునకు అతి సమీపమున శంకరమను గ్రామము గలదు. గ్రామము చెంత, పచ్చని పొలముల నడుమ, రెండు చిన్న కొండలు కలవు. తూర్పుననున్నది బొజ్జన్నకొండ. పడమటనున్నది లింగాలకొండ. సంక్రాంతి మరునాడు, కనుమ పండుగనాడు, చుట్టుపట్ల గ్రామములనుండి జనులు బండ్లు కట్టుకొని, కాలినడకను, పిల్లాపాపలతో బొజ్జన్నకొండకు వచ్చుట చిరకాలాచారము. అట్లు వచ్చినవారిలో కొందరు అచట బొజ్జ ఆకారముననున్న ఒక రూపమును రాక్షసుని శరీరభాగముగా నెంచి, దానిపై రాళ్లు రువ్వెడివారు. ఇటీవలి కాలమున భారత పురావస్తు శాఖయు, ఇంటాక్ సంస్థయు పూనుకొని ఈ ఆచారమును మాన్పించినవి. కనుమనాటి రాకపోకలు మాత్రము నిలిచియున్నవి.

ఈ రాళ్ల వానను మూఢాచారమని యొక్క మాటతో త్రోసివేయుట సులభము. కాని నాటకచరిత్ర నభ్యసించువారికి ఇది మరియొక విధముగా కన్పట్టవలెను. ఇచట ఒక భయానక కథ కలదు. ఆ కథకు నియతమైన తావు కలదు, తిథి కలదు. పాత్రధారులును గలరు; చూడవచ్చినవారే పాత్రధారులు. ఒక భూతమును ఒక ఊరు ఏటేట ఎదిరించుట ఇందలి ఇతివృత్తము. రంగస్థలము కట్టలేదు, తెర దింపలేదు. ఐనను ఇది ప్రదర్శనమే. ఈ ప్రదర్శనము తనకు ఆశ్రయమిచ్చిన స్థలమునకే ఏల హాని చేసినది? తెలుగువారి ఇతర భయానక ప్రదర్శనములు అట్లు చేయకపోవుటకు హేతువేమి? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

మొదట పరిభాషను గూర్చి ఒక మాట. ఒక తావు కొరకే కల్పింపబడి, ఆ తావు విడిచి మరియొకచోట ఆడినచో అర్థము చెడునట్టి ప్రదర్శనమును పాశ్చాత్య విమర్శకులు 20వ శతాబ్ది ఉత్తరార్ధమున ప్రత్యేక నామముతో వ్యవహరింప మొదలిడిరి. దీనిని మనము ‘స్థలాశ్రిత నాటకము’ అందము. పేరు క్రొత్తదే గాని వస్తువు క్రొత్తది కాదు. ఆస్ట్రియా దేశమున సాల్జ్‌బర్గ్ నగరమునందు 1920వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన మాక్స్ రైన్‌హార్ట్, హోఫ్మన్‌స్థాల్ రచించిన ‘యెడెర్మన్’ నాటకమును ప్రధాన దేవాలయము ముంగిట ఆడించెను. ధనవంతుడైన నాయకుడు విందులో మునిగియుండగా మృత్యువు వచ్చి పిలుచుట ఇందలి కథ. ఆ పిలుపు గోపురముల మీదినుండి, నగరపు కప్పుల మీదుగా వినవచ్చునట్లు ఏర్పరచిరి. అచట గోపురమును నటించినట్లే! అదే పిలుపు తెరచాటునుండి వచ్చినచో ప్రేక్షకుడు వినును. తన ఊరి గోపురమునుండి వచ్చినచో ఉలికిపడును.

మన లాక్షణికులు ఈ సూక్ష్మమును ఎరుగకపోలేదు. భరతుడు నాట్యశాస్త్రము ఆరవ అధ్యాయమున భయానక రసమునకు విభావములను చెప్పుచు, వికృతమైన ధ్వనులతోపాటు శూన్యగృహమును, అరణ్యమును పేర్కొనెను. శూన్యగృహమును అరణ్యమును స్థలములే. భయమునకు స్థలమే కారణము కాగలదని శాస్త్రకారుడే చెప్పినట్లయినది. ఐనను సంస్కృత నాటకము ఆ స్థలములకు ప్రేక్షకుని కొనిపోలేదు. స్థలమునే మాటలతో రంగమునకు రప్పించినది. కక్ష్యావిభాగమను పద్ధతిచే ఒకే రంగము నగరమగును, వనమగును, స్వర్గమగును. భవభూతి ‘మాలతీమాధవము’ కాలప్రియనాథుని యాత్రయందు ప్రదర్శితమైనది. దాని ఐదవ అంకమున శ్మశానమును, పిశాచములను, అఘోరఘంటుడను కాపాలికుని చేత మాలతి బలి కాబోవుటను కవి చిత్రించెను. యాత్రకు వచ్చిన జనము శ్మశానమునకు పోలేదు. శ్మశానమే పద్యములలో వారి యెదుటికి వచ్చినది. రంగమును సర్వస్థలములుగా చేయుట ఒక మార్గము. స్థలమునే రంగముగా చేయుట రెండవ మార్గము. శాస్త్రము మొదటిదానిని వివరించినది. రెండవదానిని ఊళ్లును, గుళ్లును, జాతరలును పోషించినవి.

ఇక శంకరమునకు వత్తము. ఈ గ్రామనామము ‘సంఘారామ’ శబ్దభవమని పండితులు చెప్పుదురు. 1906వ సంవత్సరము మొదలు అలెగ్జాండర్ రే ఇచట త్రవ్వకములు సాగించి బౌద్ధక్షేత్రమును వెలికి తీసెను. తొలిచిన గుహలు, గుహాద్వారములపై బుద్ధప్రతిమలు, కొండరాతినే మలచిన స్తూపములు, ఇటుకతో పొదిగిన మహాస్తూపము, భిక్షువుల విహారపు పునాదులు బయల్పడినవి. ప్రధాన గుహయందు పదునారు స్తంభముల నడుమ ఏకశిలా స్తూపము నేటికిని కానవచ్చును. సముద్రగుప్తుని బంగారు నాణెమును, విషమసిద్ధి బిరుదాంకితుడైన చాళుక్య విష్ణువర్ధనుని రాగి నాణెములును ఇచట దొరకినవి. ఈ క్షేత్రము సుమారు క్రీ. శ. 4వ శతాబ్దినుండి 9వ శతాబ్ది వరకు వర్ధిల్లినదని చరిత్రకారుల అభిప్రాయము.

మన ప్రస్తుత విషయమునకు అన్నిటికంటె ముఖ్యమైనది కొండ దిగువనున్న హారీతి ప్రతిమ. హారీతి కథ బౌద్ధ వాఙ్మయమందలి భయానక కథలలో మిక్కిలి ప్రసిద్ధమైనది. ఆమె రాజగృహమునందలి యక్షిణి. ఐదువందల బిడ్డల తల్లి. ఐనను నగరవాసుల శిశువులను అపహరించి భక్షించెడిది. బుద్ధుడు ఆమె కనిష్ఠపుత్రుడగు ప్రియంకరుని తన భిక్షాపాత్ర క్రింద దాచెను. హారీతి బిడ్డకై లోకములన్నియు వెదకి, వేసారి, తుదకు బుద్ధుని పాదములపై బడెను. ఐదువందలమందిలో ఒక్కడు కానరానందుకే ఇంత దుఃఖమైనచో, ఉన్న ఒక్క బిడ్డను నీవలన పోగొట్టుకొన్న తల్లుల దుఃఖమెంతటిదని ఆయన ప్రశ్నించెను. ఆమె మనసు మారినది. మరి నేను, నా బిడ్డలు ఇకమీద ఏమి తిని బ్రతుకుదుమని అడిగినది. ప్రతి విహారమునందును భిక్షువులు మీకు అన్నము పెట్టుదురని బుద్ధుడు మాట యిచ్చెను.

కథ ఇంతటితో ముగియలేదు. క్రీ. శ. 7వ శతాబ్ది చివర భారతదేశమునకు వచ్చిన చీనా యాత్రికుడు ఇత్సింగ్, విహారములందు భోజనశాల మూలనో, ముఖమండపముననో హారీతి ప్రతిమ యుండుననియు, ఒడిలో ఒక శిశువు, మోకాళ్ల చుట్టు మరికొందరు శిశువులు ఉండునట్లు దానిని చిత్రింతురనియు, ప్రతిదినము దాని యెదుట సమృద్ధిగా అన్నము నివేదింతురనియు వ్రాసెను. కథలో ఆమె కడిగిన ప్రశ్న ఆకలిని గూర్చినది. దానికి ఉత్తరము భోజనశాలయందే, అన్నము వండిన పూటనే, అన్నముతోనే చెప్పుచుండిరి. ఇంతకంటె చక్కని స్థలాశ్రిత ప్రదర్శనము వేరొకటి కలదా? సంభాషణము లేదు, ఆహార్యము లేదు. ఒక మెతుకుల ముద్దతో భయానకము శాంతముగా పరిణమించుచున్నది. నాగార్జునకొండయందును బయలు ప్రేక్షాగారమునకు ఎగువ, కొండ మీద హారీతి ఆలయము బయల్పడినది. క్రింద క్రీడలను, వేడుకలను చూచు జనసమూహమునకు పైనుండి ఆ తల్లి సాక్షియైయున్నది.

బౌద్ధము క్షీణించిన పిదప శంకరమునందు అన్నము పెట్టువారు లేకపోయిరి. కథ చెప్పువారును లేకపోయిరి. రాతిరూపములు మిగిలినవి, పేరులు మిగిలినవి. స్థలము మిగిలి కథ మరుగుపడినపుడు జనులు ఆ స్థలమునకు క్రొత్త కథ నల్లుదురు. అల్లికకు దారము తరచుగా పేరునుండియే లభించును. పడమటి కొండ మీది ఏకశిలా స్తూపములు వరుసలు వరుసలుగా నుండి శివలింగములవలె కన్పట్టినందున అది లింగాలకొండ యైనది. తూర్పు కొండ పేరు ‘బుద్ధుని కొండ’ యను దానికి మార్పని సాధారణముగా చెప్పుదురు. భాషాశాస్త్ర దృష్టితో ఈ మార్పు అంత సూటియైనది కాదు. ‘బుధ్యతే’ వంటి రూపమునందలి ధ్యకారము ప్రాకృతమున జ్ఝకారమగును గాని, ‘బుద్ధ’ శబ్దము ప్రాకృతమునను బుద్ధ గానే నిలుచును. కావున ధ్వనిమార్పు ఒక్కటియే ఇచట పనిచేసినదనుటకంటె, తెలియని పేరును వినినవారు తెలిసిన ‘బొజ్జ’ శబ్దముతో దానిని ముడిపెట్టిరనుట యుక్తమని నాకు తోచుచున్నది. ఇది ఊహయే, కాని కనుమనాడు జనులు రాళ్లు రువ్వినది బొజ్జ ఆకారమునకే యను విషయము ఈ ఊహకు బలము చేకూర్చుచున్నది. బుద్ధుడు బొజ్జన్న యయ్యెను. బొజ్జన్నకు బొజ్జ వచ్చెను. బొజ్జ ఉన్నవాడు రాక్షసుడయ్యెను.

ఒకే విస్మృతి ఒక కొండకు పూజను, వేరొక కొండకు రాళ్లను తెచ్చినదన్న మాట. స్తూపము లింగమైనచోట చేతులు జోడించిరి. బుద్ధస్థానము రాక్షసస్థానమైనచోట చేతులెత్తి కొట్టిరి. రెండింటను దురుద్దేశము లేదు. రాళ్లు రువ్విన రైతు తన ఊరిని భూతమునుండి కాపాడుకొనుచున్నానని యనుకొనెను గాని, తన పూర్వులు చెక్కిన క్షేత్రమును దెబ్బతీయుచున్నానని యనుకొనలేదు. హారీతి కథకును ఈ కథకును గల భేదమును గూడ గమనింపవలెను. మొదటిదానియందు భూతమునకు అన్నము పెట్టి చల్లార్చిరి. రెండవదానియందు భూతమును రాళ్లతో తరిమిరి.

భూతమును తరుమక, దాచక, ఏటికొకసారి మేల్కొలిపి మరల నిద్రపుచ్చు మూడవ పద్ధతి తెలుగు నాటకమున కలదు. దానికి నిదర్శనము ప్రహ్లాదచరిత్ర. భక్తి దృష్టిని ఒక క్షణము ప్రక్కన నుంచి చూచినచో, ఇది పరమ భయానకమైన కథ. తండ్రియే కన్నకొడుకును చంప జూచుట, స్తంభము పగిలి సగము మృగము సగము మనుష్యుడునైన రూపము వెలువడుట, గోళ్లతో వక్షము చీల్చుట ఇందలి ఘట్టములు. ఇంతకంటె గమనింపదగిన దేమనగా, ఈ కథ స్థలకాలముల చిక్కుముడి మీదనే నడచును. ఇంట గాదు, బయట గాదు. పగలు గాదు, రాత్రి గాదు. గడపయు, సంధ్యయు లేనిదే ఈ కథకు ముగింపు లేదు. స్థలాశ్రిత నాటకము కాదగిన లక్షణము ఈ కథ పుట్టుకయందే యున్నది.

తంజావూరు మండలమునందలి మెలట్టూరులో ఈ కథ అట్లే వెలసినది. క్రీ. శ. 16వ శతాబ్ది చివరను, 17వ శతాబ్ది మొదటను తంజావూరు నేలిన అచ్యుతప్ప నాయకుడు 510 బ్రాహ్మణ కుటుంబములకు ఈ గ్రామమును దాన మిచ్చెనని ప్రసిద్ధి. త్యాగరాజస్వామికి పెద్దవాడైన సమకాలికుడు మెలట్టూరు వేంకటరామశాస్త్రి ఇచట తెలుగున భాగవతమేళ నాటకములను రచించెను. వానిలో ‘ప్రహ్లాదచరిత్రము’ నృసింహజయంతి ఉత్సవములందు, వరదరాజస్వామి ఆలయము యెదుటి వీధిలో, స్వామి చూచుచుండగా ఆడబడును. స్త్రీపాత్రలను గూడ పురుషులే ధరింతురు. నృసింహుని ముఖమును ఆలయమునందే భద్రపరచి పూజింతురు. ఆ పాత్ర ధరించువాడు ఉపవాసముండును. రాత్రి గడచి తెల్లవారు వేళకు ఆ ముఖము ధరించిన నటుని ఆవేశము పూనును. పలువురు పట్టుకొని అతనిని నిలువరింతురు. వధ సూచనప్రాయముగా ముగియును. మరణమును రంగమున ప్రత్యక్షముగా చూపరాదను శాస్త్రనియమమునకును, ఆవేశము హద్దు మీరునను లోకభయమునకును ఇచట సంధి కుదిరినది. ఆ పిమ్మట ముఖము మరల తన స్థానమునకు పోవును. చుట్టుపట్ల అరవము వినవచ్చు సీమలో ఈ తెలుగు నాటకము ఇన్ని తరములు నిలుచుటకు భాష యొక్కటియే కారణమనలేము. ఆ వీధి, ఆ గుడి, ఆ తిథి దానిని మోసికొనివచ్చినవి.

మన ఉత్తరాంధ్రకు మిక్కిలి చేరువయందును ఇట్టిదే కలదు. నేటి శ్రీకాకుళము జిల్లాలోని జలంతర సంస్థానమున 19వ శతాబ్ది ఉత్తరార్ధమున పుట్టి, గంజాము సీమయందు వ్యాపించిన ఒరియా ‘ప్రహ్లాద నాటకము’ రాత్రియెల్ల సాగును. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక మీద హిరణ్యకశిపుడు పై మెట్టున సింహాసనమునుండి దిగుచు ఎక్కుచు గర్జించును. ఇచటను నృసింహుని ముఖము పూజార్హమే. ఇచటను ఆవేశమును పట్టి నిలుపువారు సిద్ధముగా నుందురు. అనకాపల్లికి చేరువనున్న సింహాచలమునందు ఉగ్రమూర్తికి ఏడాది పొడుగున చందనము పూసి, అక్షయతృతీయనాడు మాత్రమే నిజరూపము చూపు సంప్రదాయమును ఇచట జ్ఞప్తికి తెచ్చికొనదగును. అది నాటకము కాదు, ఆరాధన. ఐనను ఉగ్రరూపమును చల్లార్చి యుంచి ఒక్కదినమున మాత్రము దర్శింపజేయు భావము, ముఖమును గుడిలో దాచి ఒక్క రాత్రి వెలికి తీయు భావమునకు సోదరమైనది.

1880 ప్రాంతమునుండి తెలుగునాట తెరలు, ప్రక్కతెరలు గల నాటకశాలలు వెలసినవి. 1885లో పుట్టిన సురభి సమాజములు మాయాదృశ్యముల నిర్మాణమునకు పేరుపొందినవి. ధర్మవరము రామకృష్ణమాచార్యుల ప్రహ్లాద నాటకము ఆధారముగా హెచ్. ఎం. రెడ్డి తీసిన ‘భక్త ప్రహ్లాద’ 1932లో తొలి తెలుగు టాకీగా వెలువడినది. స్తంభము ఊరూర, తెరతెరపై పగిలినది. కథకు లభించిన వ్యాప్తి మహత్తరమైనది. కాని చెక్కస్తంభము మరునాడు పెట్టెలో కెక్కి మరియొక ఊరికి పోవును. గుడి యెదుటి వీధి ఎక్కడికిని పోదు. నాటకశాలలో భయము తెర దిగువరకే నిలుచును. వీధిలో చూచిన భయము మరునాడు ఆ వీధిని నడచునపుడును వెంట వచ్చును.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరలుదము. మెలట్టూరునకు హాని కలుగలేదు; శంకరమునకు కలిగినది. దీనికి మూడు హేతువులు కన్పట్టుచున్నవి. మెలట్టూరులో కథయు స్థలమును ఒకదానినొకటి ఎరుగును. విష్ణుకథను విష్ణ్వాలయము ముంగిట ఆడిరి. శంకరములో రాక్షసకథ బౌద్ధారామముపై పరాయిగా వచ్చి కూర్చున్నది. రెండవది, మెలట్టూరులో ఉగ్రతకు పాత్రమైనది ముఖము. దానిని ధరింపవచ్చును, విడువవచ్చును. కాశికి ఎదుటనున్న రామనగరపు రామలీలయందు లంక, అయోధ్య మొదలగునవి నిజమైన తావులుగానే ఏర్పడియున్నను, రావణుని ప్రతిమ కాల్చుటకే కట్టబడినది. మన నరకచతుర్దశినాటి నరకుని బొమ్మయు అట్టిదే. శంకరమున దెబ్బ తినినది కట్టిన బొమ్మ గాదు, మరల కట్టరానిది. మూడవది, మెలట్టూరులో ఆవేశమును పట్టి ఆపువారు కలరు. కనుమనాటి గుంపులో పట్టువాడు లేడు, అందరును విసరువారే.

మొదటి హేతువే అన్నిటికంటె బలీయమైనది. తన కథను మరచిపోయిన స్థలము ఏ కథకైనను లోబడును. అందు మంచిదియు రావచ్చును, చెడ్డదియు రావచ్చును. రాళ్లు మాన్పించుట అవసరమైన పని, అది జరిగినది. కాని నిషేధము ఖాళీనే మిగిల్చును. కనుమనాడు నేటికిని కొండకు వచ్చు బాలుడు అచట ఏమి చూచి పోవలెను? రాక్షసుడు లేడని చెప్పినచో, మరి ఉన్నదెవరను ప్రశ్నకు ఉత్తరము చెప్పవలసిన బాధ్యత మనపై నున్నది.

ఆ ఉత్తరము కొండ దిగువనే యున్నది. శంకరమునకు దగిన భయానక కథ హారీతి కథయే. దానిని నాటకముగా మలచు పరిశోధక విద్యార్థులు కొన్ని నియమములు పాటింపవలెను. 1958వ సంవత్సరపు చట్టమును, 1959వ సంవత్సరపు నియమములను అనుసరించి రక్షిత స్మారకమునందు అనుమతి లేక వినోదప్రదర్శనము నడుపరాదు. కావున మొదటి అడుగు పురావస్తు శాఖ వాకిట వేయవలెను. గుహల లోపల దీపముల పొగ సోకరాదు. రాతికి మేకు తగులరాదు. కొండను ఎక్కక, కొండ క్రింది పొలము గట్టున, కొండను వెనుకతెరగా చేసికొని ఆడుట మేలు. యక్షిణి బిడ్డకై వెదకుచు ఆ చీకటి గుహల వైపు చూచి పిలిచినచో చాలును. శూన్యగృహమును గూర్చి భరతుడు చెప్పినది ప్రేక్షకునకు వెంటనే అర్థమగును. తుదిని ప్రేక్షకుల చేతికి పిడికెడు అన్నము నీయవలెను. ఒకనాడు రాయి పట్టిన చేయి అన్నము పట్టును. శతాబ్దములకు పూర్వము ఆ విహారమున జరిగిన క్రియ అదియే.

నాటకచరిత్రను గ్రంథములలో, శాసనములలో, కరపత్రములలో మాత్రమే వెదకుట మనకు అలవాటు. ఊరి చివర కొండకు ఏటికొక దినము ఎందుకు పోవుదురో, పోయి ఏమి చేయుదురో, ఏమి మానిరో వ్రాసి పెట్టుట గూడ ఆ చరిత్రలో భాగమే. శంకరమున రాళ్లు రువ్విన తరమువారు అచట ఏ కథ చెప్పుకొనెడివారో, ఆ రాక్షసునికి ఏ పేరు పెట్టిరో వారి నోటనే విని సేకరింపవలెను. అనకాపల్లి ప్రాంతపు విద్యార్థి యొక్కడైనను ఈ పనికి పూనుకొనినచో ఈ వ్యాసము ప్రయోజనము నెరవేరినట్లే.